వినతిపత్రం రాయడానికి ముందు

స్థానిక ఛాంబర్ ఆఫ్ కామర్స్‌కు, అంటే అన్ని రకాల వ్యాపారుల ఉమ్మడి సంఘానికి, కార్యదర్శిగా పదకొండేళ్లు పనిచేశాను. మొదటి ఏడాది నేను తయారుచేసిన వినతిపత్రంలో 22 డిమాండ్లున్నాయి. అధికారి ఓపికగా చివరి పేజీ దాకా తిప్పి, "వీటిలో ఒక్కటే చేయగలిగితే ఏది చేయమంటారు?" అని అడిగారు. వెళ్లిన ఐదుగురం ఐదు జవాబులు చెప్పాం. ఆయన నవ్వలేదు, అదే మా అదృష్టం. కార్యదర్శి కుర్చీలో కొత్తగా కూర్చున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

సమస్యల సేకరణతో మొదలుపెట్టండి. అయితే సభ్యులను "మీ సమస్యలేమిటి?" అని మాత్రం అడగకండి. పన్నులు ఎక్కువ, అధికారులు వినరు అన్న పాత పాటే వస్తుంది. "ఏ రోజు, ఏ కౌంటర్ దగ్గర, ఏ కాగితం లేదని మిమ్మల్ని వెనక్కి పంపారు?" అని అడగండి. జవాబులన్నీ ఒక రిజిస్టరులో తేదీతో సహా రాయండి. పరస్పరం సంబంధం లేని మూడు నాలుగు వ్యాపారాల వారు ఒకే కౌంటర్ పేరు చెబితే, అది ఛాంబర్ ఎత్తుకోవలసిన విషయం. ఒక్కరికే వచ్చిన ఇబ్బందైతే దానికి ఫోను చాలు, విధానం మార్చమని అడగనక్కరలేదు.

తర్వాత, అది ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి. చట్టం మార్చాలా, నిబంధన మార్చాలా, లేక ఒక సర్క్యులర్ సరిపోతుందా? మా పాత ఫైళ్లలో సగం వినతులు ఆ అధికారమే లేని వారికి రాసినవి. అలాంటి కాగితం "తగు చర్య నిమిత్తం" అని ఒక ముద్ర వేయించుకుని బల్లలు మారుతూ ఉంటుంది. క్యాలెండరు కూడా దగ్గర పెట్టుకోండి. బడ్జెట్ ప్రకటించాక అభినందన లేఖో నిరసన లేఖో రాయడం తేలిక. అంకెలు సిద్ధమవుతున్నప్పుడు వెళ్తేనే ఉపయోగం. ముసాయిదా నిబంధనలపై అభ్యంతరాలకు గడువిస్తే, ఆ గడువులో అందిన ఒక పేజీకి ఉన్న విలువ తర్వాత చేసిన ధర్నాకు ఉండదు.

ఇక అసలు పని ఛాంబర్ లోపల జరగాలి. నేను దెబ్బతిన్నదీ అక్కడే. మార్కెట్ వీధుల్లో పగటిపూట లారీల సరుకు దింపడాన్ని నిషేధించాలన్న ప్రతిపాదన వచ్చింది. టోకు వ్యాపారులు గగ్గోలు పెట్టారు. వారి గొంతు పెద్దది కాబట్టి "సభ్యులందరి తరఫున" అని వ్యతిరేక పత్రం రాసేశాను. బహిరంగ విచారణలో మా చిల్లర వ్యాపారి ఒకరు లేచి, "నేనూ ఈ ఛాంబర్ సభ్యుడినే. లారీలు లేకపోతే నా కొనుగోలుదారులకు దారి దొరుకుతుంది. నన్నెవరూ అడగలేదు" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు. ఆ పూట మేము మాట్లాడిన మరే మాటకూ విలువ లేకపోయింది.

ఈ తప్పు చిన్న ఛాంబర్లకే పరిమితం కాదు. బ్రిటన్, అమెరికాల్లో ఛాంబర్ సభ్యత్వం స్వచ్ఛందం, నచ్చకపోతే మానుకోవచ్చు. జర్మనీలో వ్యాపార సంస్థలు చట్టప్రకారమే సభ్యులు. అక్కడ ఛాంబర్ల కేంద్ర సంఘం తన పరిధి దాటి మాట్లాడుతోందని ఒక సభ్య సంస్థ కోర్టుకెక్కింది. 2020 అక్టోబరులో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం, ఆ సంస్థ సభ్యత్వమున్న స్థానిక ఛాంబర్ కేంద్ర సంఘం నుంచి వైదొలగాలని తీర్పిచ్చింది. "అందరి తరఫున" అనే రెండు మాటల బరువు అంత!

అందుకే ప్రతి విషయానికీ ఒక ఉపసంఘం వేయండి. లాభపడేవారితో పాటు నష్టపోయేవారినీ అందులో కూర్చోబెట్టండి. సొంత ప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ సంగతి ముందే చెప్పాలి, అది మినిట్స్‌లోకి (సమావేశపు రాతపూర్వక నమోదులోకి) ఎక్కాలి. ఏకాభిప్రాయం కుదరకపోతే రెండు అభిప్రాయాలూ రాయండి, లేదా ఆ విషయంలో మౌనంగా ఉండండి. మౌనం కూడా ఒక నిర్ణయమే, దాన్నీ తీర్మానంగా నమోదు చేయండి. ఒక హెచ్చరిక: ఒకే వ్యాపారం వాళ్లు ఒక గదిలో చేరితే మాట ధరల మీదికి జారుతుంది. ఎవరు ఎంతకు అమ్మాలి, ఎవరు ఏ ప్రాంతం చూసుకోవాలి అన్న ముచ్చట మొదలైతే సమావేశం ఆపేయండి. పోటీ చట్టాల దృష్టిలో అది కుమ్మక్కు.

పత్రం ఒక పేజీ దాటకూడదు. ఏమి జరుగుతోంది, రిజిస్టరులో దానికి ఆధారమేమిటి, నిబంధనలో ఏ వాక్యం తీసి ఏ వాక్యం పెట్టాలి, ప్రభుత్వానికి ఖర్చెంత, దీనివల్ల ఎవరికి ఇబ్బంది. చివరిది రాయడానికి అందరూ వెనకాడతారు. కానీ అధికారికి ఆ ఇబ్బంది ఎలాగూ తెలుస్తుంది, మన నోటితో తెలిస్తే మంచిది. మార్చవలసిన వాక్యాన్ని మనమే రాసి ఇవ్వడం వల్ల ఫైలు తయారుచేసే గుమాస్తాకు సగం పని తగ్గుతుంది. ఆ గుమాస్తాను చిన్నచూపు చూసే అధ్యక్షులను చాలామందిని చూశాను, వారి ఫైళ్లు ఎక్కడ ఆగాయో కూడా చూశాను.

భేటీకి ముగ్గురు చాలు. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి, మూడో వ్యక్తి ఆ ఇబ్బంది స్వయంగా పడిన చిన్న వ్యాపారి అయి ఉండాలి. శాలువాలూ ఫొటోలూ ఆఖరికి ఉంచండి, వీలైతే మానేయండి. మర్నాడే, ఏమి అనుకున్నామో రాసి లేఖ పంపండి. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం దగ్గర లాబీయింగ్ (నిర్ణయాలు తమవైపు తిప్పుకునే ప్రయత్నం) చేసేవారు నమోదు చేసుకుని నివేదికలివ్వాలి. మీకు అలాంటి నిబంధన లేకపోయినా ఎవరిని ఎప్పుడు ఎందుకు కలిశారో సభ్యులకు తెలియజేయండి. ఎన్నికలప్పుడు అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు పంపి, జవాబులను యథాతథంగా ప్రచురించండి. ఎవరికీ మద్దతు ప్రకటించకండి.

ఫలితం వచ్చాక సభ్యత్వ రుసుము కట్టనివారికీ అదే లాభం అందుతుంది. ఆర్థికవేత్త మాన్‌కర్ ఓల్సన్ 1965లోనే వివరించిన చిక్కు ఇది. దీనికి నాకు తెలిసిన విరుగుడు ఒకటే: కొత్త నిబంధనను ఎలా వాడుకోవాలో చెప్పే సాయం సభ్యులకు మాత్రమే ఇవ్వడం.

లారీల విషయంలో రెండోసారి టోకు, చిల్లర వ్యాపారులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాం. మూడు సమావేశాలు పట్టింది, ఒకసారి కుర్చీ కూడా ఎగిరింది. చివరికి అడిగింది ఒకటే: సరుకు దింపడానికి దుకాణాలు తెరవకముందు రెండు గంటలు, మూశాక రెండు గంటలు. ఉదయం గంటలు ఇచ్చారు, రాత్రివి ఇవ్వలేదు. ఉత్తర్వు వచ్చిన నెలకు కూడా కూడలిలోని ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గర పాత కాగితమే ఉంది, ఉదయాన్నే వచ్చిన లారీలకు జరిమానాలు పడుతూనే ఉన్నాయి. ఉత్తర్వు ప్రతులు తీయించి కూడలి కూడలికీ నేనే తిరిగి పంచాను. ప్రతి లారీ డ్రైవరుకూ ఒకటి ఇచ్చాం.