చెరువు బాగుచేస్తే ఎంత మిగులు? బెంగళూరులో లెక్క కట్టే పద్ధతి

చెరువు బాగుచేయడానికి డబ్బు కావాలని అడిగేటప్పుడు 'పర్యావరణానికి మంచిది' అని రాస్తే ఫైలు కదలదు. రూపాయల్లో చూపించాలి. అలాగని తోచిన లాభాలన్నీ కూడేస్తే అది దొంగలెక్క. ఒకే నీళ్లను రెండుచోట్ల కూడకుండా చూసుకోవడమే ఇందులో అసలు పని.

10 హెక్టార్ల చెరువు అనుకుందాం. ఈ కొలత లెక్కకు సులువు: మట్టం 1 మి.మీ. మారితే లక్ష లీటర్లు.

ముందు భూమిలోకి ఇంకే నీరు. తూము దగ్గర మి.మీ. గీతలున్న స్కేలు పాతండి. వాన లేకుండా, అలుగు పారకుండా ఉన్న పది రోజులు వరుసగా ఒకే వేళకు మట్టం రాయండి. బెంగళూరులో చిక్కేమిటంటే, ఎండాకాలంలోనూ రాజకాలువలో (చెరువులోకి వాననీరు తెచ్చే పెద్ద కాలువ) మురుగు వస్తూనే ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఇంకే నీరు తక్కువని తేలుతుంది. అందుకే కాలువకు అడ్డంగా 90 డిగ్రీల వీ-నాచ్ రేకు (పైఅంచులో V ఆకారపు గాడి కోసిన రేకు) బిగించాలి. నాచ్ అడుగు నుంచి నీటి ఎత్తు 10 సెం.మీ. ఉంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, అంటే రోజుకు 3.8 లక్షలు; మన చెరువులో 3.8 మి.మీ. మట్టంతో సమానం. ఎత్తును నాచ్ మీద కొలవకండి, అక్కడ నీరు వంగి పడుతుంది. అర మీటరు ఎగువన కొలవండి. గంటగంటకూ ప్రవాహం మారుతుంది కాబట్టి ప్రతి రీడింగునూ లీటర్లలోకి మార్చాకే సగటు తీయాలి. ఎత్తుల సగటు తీసి మార్చితే లెక్క తప్పుతుంది.

ఆవిరికి గట్టు మీద నాలుగడుగుల వెడల్పు, పది అంగుళాల లోతు ఉన్న పాన్ పెట్టి, రోజూ తగ్గినదాన్ని 0.7తో గుణించండి. కాకులు, కుక్కలు తాగకుండా జాలీ తప్పదు. స్కేలు రోజుకు 5 మి.మీ. దిగి, పాన్ 6 మి.మీ. తగ్గితే: 5 + 3.8 − 4.2 = 4.6 మి.మీ. అంటే 4.6 లక్షల లీటర్లు భూమిలోకి వెళ్తున్నాయి.

దీన్ని ట్యాంకర్ ధరతో గుణించాలనిపిస్తుంది. వద్దు. ఆ ధరలో డీజిలు, డ్రైవరు, లాభం ఉన్నాయి. పైగా ఇంకిన నీరంతా బోర్లకు చేరదు. బోరు మట్టం 10 మీటర్లు పెరిగినా వెయ్యి లీటర్లకు మిగిలే కరెంటు సుమారు 0.07 యూనిట్లే. అసలు మిగులు ఏప్రిల్‌లో ఎండని బోర్లలో ఉంది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ట్యాంకర్ రిజిస్టర్లు, చెరువుకు దూరంగా ఉన్నవాటి రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి తేడా మాత్రమే రాయండి. బోరు నీటిలో నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. దాటితే అది తాగడానికి పనికిరాదు; మురుగు ఇంకడం వల్లే అలా అయితే నష్టాల వైపు రాయాలి.

శుద్ధి లెక్క చిన్నది. రోజుకు 10 లక్షల లీటర్లు వచ్చి, జమ్ము మడి దాటేసరికి బీఓడీ (నీటిలోని కుళ్లే మురికిని చెప్పే కొలత) లీటరుకు 40 నుంచి 15 మి.గ్రా.కు దిగితే రోజుకు 25 కిలోలు తగ్గినట్టు. అంత తగ్గించడానికి ప్లాంటుకయ్యే ఖర్చే దీని విలువ. బెంగళూరులోని జక్కూరు చెరువులోలా ముందు శుద్ధి ప్లాంటు ఉంటే, ప్లాంటు చేసిన పనిని జమ్ము ఖాతాలో వేయకండి. జమ్ము కోసి బయట పడేసే కూలీని ఏటా ఖర్చులో చూపండి. కోయకపోతే అది కుళ్లి, పీల్చుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది.

వరద లెక్కలో చాలామంది బోల్తా పడతారు. చదరపు కిలోమీటరు మీద 50 మి.మీ. వాన పడి, 60 శాతం పారితే 3 కోట్ల లీటర్లు. మన చెరువు దాన్ని పట్టాలంటే వానకు ముందే 30 సెం.మీ. ఖాళీగా ఉండాలి. ఏడాదంతా శుద్ధినీటితో అంచుదాకా నింపి ఉంచే చెరువుకు వరద విలువ దాదాపు సున్నా. నిండు చెరువు చూపించి ఇంకే నీటికి, ఖాళీ చెరువు చూపించి వరదకు రెండు పద్దులు రాయడం కుదరదు. ఏ నెలలో ఏ మట్టమో ముందే తేల్చి రాయండి.

ఫ్లాట్ల ధర పెరుగుదలను అసలు కలపకండి. నీళ్లు, గాలి, చూపు బాగున్నందుకే ఆ ధర పెరిగింది; కలిపితే రెండోసారి లెక్కపెట్టినట్టే.

పూడిక ఎంత తీస్తే అంత లాభమనుకుని గిన్నెలా తవ్వి చుట్టూ కట్ట పోస్తే, లోతు తక్కువ అంచులు పోతాయి. జమ్మూ, పక్షులూ ఉండేది అక్కడే. పూడికను పొలాలకు అమ్ముతామని ఆదాయం చూపించే ముందు సీసం, క్రోమియం పరీక్ష చేయించండి.

చివరగా ఏటా మిగిలేదాన్ని, నిర్వహణ ఖర్చు తీసేసి, 8 శాతం వడ్డీతో 20 ఏళ్లకైతే 9.82తో, 10 ఏళ్లకైతే 6.71తో గుణించి (అన్నేళ్ల మిగులుకు ఇవాళ్టి విలువ ఇది) పెట్టుబడితో పోల్చండి. రెండు అంకెలూ ఇవ్వండి. మురుగు మళ్లించే పైపు పనికి నిధులు ఖరారు కాకపోతే చెరువు మళ్లీ పాడవచ్చు, కాబట్టి పదేళ్లదే ముందు పెట్టండి.