పాత అంబాసిడర్‌కి సైలెన్సర్ మార్చడం ఎలా?

శ్రీకాకుళంలో మా నాన్నగారి అంబాసిడర్ సందు మలుపు తిరుగుతుండగానే వంటింట్లో ఉన్న అమ్మకి తెలిసిపోయేది. ఆ చప్పుడు పాత బండి హుందాతనమనే అనుకునేవాళ్లం. ఓ రోజు కిందకి దూరి చూస్తే సైలెన్సర్ డబ్బా అడుగున నాలుగు వేళ్లు పట్టేంత కన్నం. అప్పట్నుంచి ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి తప్పుగా చేశాను, రెండోసారి కుదిరింది. ఆ తప్పు మీరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిను ఉన్న బండి గురించి. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకీ పని వరుస ఇదే, క్లాంపులు, కొలతలు మాత్రం వేరు. ఈ తరం కార్లలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండదు, సెన్సర్లు ఉండవు. స్పానర్ పట్టడం వచ్చినవాళ్లు ఒక సాయంత్రం, ఒక పగలు కేటాయిస్తే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

మన దగ్గర సైలెన్సర్ అంటే ఇంజిను నుంచి వెనక బంపరు దాకా ఉన్న గొట్టమంతా. విడిగా చూస్తే ఇంజినుకి అంటుకుని పోత ఇనుప మానిఫోల్డ్, దాని నుంచి కిందకి దిగే ముందు పైపు, మధ్యలో డబ్బా, చివర టెయిల్ పైపు. మానిఫోల్డ్ పగిలితే తప్ప దాని జోలికి వెళ్లక్కర్లేదు. మిగతా మూడూ మార్చుకునేవే.

ఎందుకు పోతుంది?

ఉప్పుగాలి వల్ల అని అందరూ అంటారు. అది సగమే నిజం. నౌపడ ఉప్పుమళ్ల వైపో, కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలోనో బండి పెట్టుకునేవాళ్లకి బయటి నుంచి తుప్పు తొందరగా పడుతుంది, కాదనను. కానీ ఎక్కువ సైలెన్సర్లు లోపలి నుంచే చస్తాయి. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. గొట్టం బాగా వేడెక్కితే అది ఆవిరై బయటికి పోతుంది. వేడెక్కకపోతే డబ్బాలోనే నిలిచి, పొగలోని ఆమ్లంతో కలిసి రేకుని తినేస్తుంది. మా బండి చేసిందల్లా ఆదివారం పూట అరసవల్లి వెళ్లి దణ్ణం పెట్టుకుని రావడమే. గుడి ఊరి పక్కనే, సైలెన్సర్ వేడెక్కేలోపే ఇంటికి చేరిపోతాం. ఇప్పుడు నెలకోసారైనా గార మీదుగా కళింగపట్నం దాకా తోలుకొస్తున్నాను. సముద్రం దగ్గరికి తీసుకెళ్తూ తుప్పు తగ్గిస్తున్నానంటే మా ఆవిడ నవ్వుతుంది. కానీ గాలికంటే లోపలి నీళ్లే పెద్ద శత్రువు.

మొత్తం మార్చాలా, ఒక ముక్క చాలా అన్నది తేల్చుకోవడానికి బండి చల్లగా ఉన్నప్పుడు చిన్న సుత్తితో పొడవునా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు డబడబమంటుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోయే చోట ఇక వెల్డింగ్ పట్టదు. ఒక ముక్క పోయిందంటే మిగతావీ అదే వయసువి కదా, నేనైతే మూడూ మార్చేస్తాను. డబ్బా అడుగున అంచు దగ్గర చీపురుపుల్ల పట్టేంత సన్నని బెజ్జం, గుండ్రంగా నీటుగా కనిపిస్తే అది తుప్పు కాదు. నీళ్లు కారడానికి కంపెనీ పెట్టిందే. లీకు అనుకుని దాన్ని వెల్డింగ్‌తో పూడ్చేసిన బండి ఒకటి చూశాను, కొత్త డబ్బా ఏడాదికే పోయింది.

సామాను

అంబాసిడర్ తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014లో ఆగిపోయింది. అయినా సామాను దొరుకుతోంది. కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట పాత బండ్ల సామానుకి పేరున్న చోట్లు. మన ఆమదాలవలస స్టేషన్ ఆ రెండు ఊళ్లనీ కలిపే హౌరా–చెన్నై లైనులోనే ఉంది. వెళ్లలేకపోతే ఎవరిచేతనైనా తెప్పించుకోండి. ఫోన్‌లో మోడల్ పేరు చెబితే సరిపోదు. పైపు బయటి వ్యాసం, డబ్బా పొడవు, మానిఫోల్డ్ దగ్గర బిగింపు ఏ రకమో ఫొటో తీసి పంపండి. కొన్నింటికి బోల్టులు పట్టే ఫ్లాంజ్ ఉంటుంది, కొన్నింటికి రెండు ముక్కల క్లాంపు.

దొరక్కపోతే పాత పైపు నమూనాగా ఇచ్చి ఊళ్లోనే చేయించుకోవచ్చు. పైపులో ఇసుక గట్టిగా దట్టించి, రెండు చివర్లూ మూసి, కాల్చి వంచే మేస్త్రి అయితే వంపు దగ్గర గొట్టం నలగదు. ఇసుక పూర్తిగా పొడిగా ఉండాలి, తడి ఉంటే ఆవిరి తన్ని మూత ఎగిరిపోతుంది. పొగ బాగా పోతుందని లావు పైపు వేయించకండి. ఈ ఇంజినుకి దానివల్ల ఒరిగేదేమీ లేదు, చప్పుడు తప్ప. ఖర్చుకి వెనకాడకపోతే స్టెయిన్‌లెస్ స్టీలు మేలు.

వీటితో పాటు కొత్త ప్యాకింగ్ (అతుకు మధ్య పెట్టే గ్యాస్కెట్), యూ క్లాంపులు, వేలాడదీసే రబ్బర్లు, అతుకుల్లో రాసే సైలెన్సర్ పేస్ట్, మానిఫోల్డ్ స్టడ్లకి (దానికి బిగించి ఉండే తల లేని బోల్టులకి) ఇత్తడి నట్లు తెచ్చుకోండి. ఇనుప నట్టు వేడికి స్టడ్డుని కరిచి పట్టుకుంటుంది, ఇత్తడిది పదేళ్ల తర్వాత కూడా తిరుగుతుంది. పాత రబ్బర్లు బాగానే ఉన్నాయి కదా అని మళ్లీ వాడొద్దు.

ముందురోజు సాయంత్రం

పని సగం ఇక్కడే అయిపోవాలి. ఇంజిను పూర్తిగా చల్లారాక ప్రతి నట్టు మీదా, ప్రతి అతుకు మీదా డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు విడిచే ఆయిల్ కొట్టండి. ముందుగా వైరు బ్రష్‌తో తుప్పు రాలిస్తేనే ఆయిల్ లోపలికి దిగుతుంది. పడుకునే ముందు ఇంకోసారి, తెల్లారి లేవగానే మరోసారి. వేడి మానిఫోల్డ్ మీద మాత్రం ఏ ఆయిలూ కొట్టకండి. ఈ ఇంజినులో కార్బురేటర్, మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి, అంటుకుంటే ఆర్పడానికి చెయ్యి పట్టదు.

తెల్లారాక: బండి లేపడం

గట్టి సిమెంటు నేల కావాలి. ఇసుక నేలలో జాకీ దిగబడిపోతుంది, మందపాటి చెక్కపలక వేసినా నాకు నమ్మకం లేదు. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక లేపి, ఇనుప స్టాండ్లు వెనక ఇరుసు కింద పెట్టండి. అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. పల్చటి నేల రేకు కింద పెడితే సొట్టపడుతుంది, పాత బండైతే చిరిగిపోతుంది కూడా. ఇరుసు కింద పెట్టడానికి ఇంకో కారణం ఉంది. అప్పుడు కమాను పట్టీల మీద బరువు ఉంటుంది, బండి రోడ్డు మీద నిల్చున్నట్టే. బాడీని లేపితే ఇరుసు కిందకి వేలాడుతుంది. అప్పుడు పైపుకీ ఇరుసుకీ మధ్య బోలెడు జాగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, బండి దించాక అది ఉండదు.

జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి కిందకి దూరకండి. ఇటుకల మీద అసలే వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇంట్లో ఇంకొకరు ఉండగానే పని మొదలుపెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, పైనుంచి రాలే తుప్పు సరిగ్గా కంట్లోనే పడుతుంది.

పాతది విప్పడం

ఎక్కడెక్కడ వేలాడుతోందో, డబ్బా ఎటు తిరిగి ఉందో విప్పకముందే ఫొటోలు తీయండి. వెనక నుంచి ముందుకి రండి: టెయిల్ పైపు, డబ్బా, చివరగా మానిఫోల్డ్ దగ్గర ముందు పైపు. ఒకదాంట్లో ఒకటి దూరిన అతుకులు కదలకపోతే కుస్తీ పట్టకుండా హ్యాక్సా బ్లేడుతో కోసేయండి. ముక్కల్ని నేల మీద అదే వరుసలో పేర్చండి, కొత్తవాటి పక్కన పెట్టి కొలిచి చూడటానికి.

కోయకూడనిది, విరగకూడనిది ఒక్కటే, మానిఫోల్డ్ స్టడ్డు. నట్టు తిరగనంటే ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, పావు పావు చుట్టు ఆడించండి. అప్పటికీ మొరాయిస్తే వేడి చేయాలి. దగ్గర్లోనే పెట్రోల్ పైపు ఉంటుంది కాబట్టి ఇది ఇంట్లో చేసే పని కాదు, మేస్త్రిని పిలవండి. స్టడ్డు విరిగితే మానిఫోల్డ్ విప్పి లేత్ షాపుకి పంపాల్సిందే.

నేను ఈ పని మొదలుపెట్టకముందు ఓసారి మా బండికి ఒక షాపులో క్లాంపులకి బదులు అతుకులన్నీ వెల్డింగ్ చేసి పంపారు. గట్టిగా ఉంటుందన్నారు. ఉంది కూడా. తర్వాత నేను కొత్తది వేద్దామంటే బాగున్న టెయిల్ పైపు సహా మొత్తం కోసి పారేయాల్సి వచ్చింది.

కొత్తది ఎక్కించడం

మానిఫోల్డ్ ముఖం మీద పాత ప్యాకింగ్ పీచు ఒక్కటి కూడా లేకుండా గీకి తుడవండి. కొత్త ప్యాకింగ్, స్టడ్లకి కాస్త కాపర్ గ్రీజు, ఇత్తడి నట్లు. అన్నీ చేత్తో తిరిగినంత వరకే. తర్వాత డబ్బా: గాలి దిశ బాణం గుర్తు ఉంటే వెనక్కి చూడాలి, నీళ్ల బెజ్జం కిందకి ఉండాలి. పైపు డబ్బాలోకి రెండు అంగుళాల దాకా దూరాలి, అతుకు లోపల పేస్ట్ పల్చగా రాయండి. రబ్బర్లు తగిలించండి. టెయిల్ పైపు పెట్టండి. స్పానర్ ఇంకా ముట్టుకోవద్దు.

నేను తప్పు చేసింది ఇక్కడే. ఒక్కో ముక్క ఎక్కించగానే బిగించుకుంటూ వచ్చాను. చివరికొచ్చేసరికి టెయిల్ పైపు రెండు అంగుళాలు పక్కకి పోయింది, దాన్ని బలవంతంగా లాగి క్లాంపు వేశాను. స్టార్ట్ చేస్తే బండంతా గజగజ. మా వీధి చివరి పెద్ద మేస్త్రి కిందకి తొంగి చూసి, "ఏటి బాబూ, ముందే అలగ బిగించీసేవు? ఇంజిను ఊగితే అదెటెల్తాది?" అన్నాడు. ఇంజిను రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ఊగుతుంది. గొట్టం దాంతో పాటు ఊగాలి. ఊగనివ్వకపోతే ఆ లాగుడంతా మానిఫోల్డ్ దగ్గర పడి పగులుతుంది.

కాబట్టి అన్నీ వదులుగా ఉన్నప్పుడే చూసుకోండి. గొట్టం తనంతట తాను వేలాడాలి. బ్రేకు పైపుకి, పెట్రోల్ పైపుకి, నేల రేకుకి, ఇరుసుకి ఎక్కడా అంగుళం కంటే దగ్గరకి రాకూడదు. చేత్తో పట్టి ఊపితే రబ్బర్ల మీద ఊగి మళ్లీ పాత చోటుకే రావాలి. తగిలే చోట అతుకు దగ్గర తిప్పి సరిచేయండి, అంతేగానీ పైపుని వంచకండి. అది కుదిరాక ముందు నుంచి వెనక్కి బిగించండి. మానిఫోల్డ్ నట్లని ఒక్కటే పూర్తిగా కాకుండా వంతులవారీగా, కొంచెం కొంచెం. యూ క్లాంపుల మీద బలం చూపించొద్దు, పైపు నలిగితే తర్వాత ఊడిరాదు.

చూసుకోవడం

బండి ఆరుబయట పెట్టి చల్లటి ఇంజిను స్టార్ట్ చేయండి. ఒకరు మందపాటి తడిగుడ్డతో టెయిల్ పైపు చివర కొన్ని క్షణాలు నొక్కి పెడితే, లీకున్న చోట బుస్సుమంటుంది. సబ్బు నీళ్లు పోస్తే బుడగలొస్తాయి. ముందు పైపు దగ్గర లీకుని చిన్నదే అని వదిలేయకండి. పాత బండ్ల నేలలో పెడళ్ల చుట్టూ సందులుంటాయి, కార్బన్ మోనాక్సైడ్ అందులోంచి లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ప్రయాణంలో తలనొప్పి, మత్తు అనిపిస్తే అద్దాలు దించి బండి ఆపేయండి. మొదటి పావుగంట పేస్టూ, ఆయిలూ కాలి పొగ వస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టెయిల్ పైపు నుంచి నీటి బొట్లు పడినా మామూలే.

చప్పుడు బాగుంటుందని డబ్బా తీసేసి వట్టి పైపు వేసుకునే కుర్రాళ్లకి ఒక మాట. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం సైలెన్సర్ ఉండి తీరాలి. శబ్దం మితిమీరితే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

వంద కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లారినప్పుడు అన్ని నట్లూ మరోసారి బిగించండి. వేడికి ప్యాకింగ్ అణిగి కొంత వదులవుతాయి. పాత ముక్కల్ని అప్పటిదాకా ఇనుప సామాన్ల వాడికి వేయకండి.