మీ ఊళ్ళో ఆడవాళ్ళ త్రోబాల్ జట్టు పెట్టడం ఎలా?

సంక్రాంతికి మన ఊళ్ళలో మగవాళ్ళకు కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. ఆడవాళ్ళకు ముగ్గుల పోటీ, మహా అయితే మ్యూజికల్ చైర్స్, తాడు లాగుడు. ఆ ఒక్కరోజుతో సరి. పెళ్ళయిన ఆడది వారానికి మూడు సాయంత్రాలు గ్రౌండ్‌కి వెళ్ళి ఆడుతుందంటే ఇంకా వింతగానే చూస్తారు. ఆ వింత పోగొట్టడానికి ఒక బంతి, ఒక వల, పద్నాలుగు మంది, ఒక విజిల్ చాలు. వీటిలో విజిలే ముఖ్యం. ఎందుకో తర్వాత చెబుతాను.

"పొలంలో, ఇంట్లో చాకిరీ చేస్తూనే ఉన్నాం, మళ్ళీ ఆటెందుకమ్మా?" అని మొదటిరోజే అడుగుతారు. అడగాల్సిన మాటే. నాట్లేసేటప్పుడు నడుము గంటలకొద్దీ ఒకే తీరున వంగి ఉంటుంది, చేతులు తలపైకి లేవవు, ఆ పని ఎప్పుడు ఆపాలో వాళ్ళ చేతిలో ఉండదు. ఆటలో ఒళ్ళంతా కదులుతుంది, అలసిపోతే పక్కన కూర్చోవచ్చు. ఈ మాట నెమ్మదిగా చెప్పండి, వాదించొద్దు.

ముందు టైమ్, తర్వాతే ఆట

ఫ్లెక్సీ కట్టి పిలిస్తే ఎవరూ రారు. పొదుపు సంఘం నెలవారీ మీటింగ్‌కి వెళ్ళండి. డబ్బులు లెక్కపెట్టడం అయ్యాక, అందరూ లేవబోయే ముందు అడగండి: "ఏ టైమ్‌లో మీకు ఒక గంట దొరుకుతుంది?" ఒక ఊళ్ళో పొద్దున్న ఐదున్నర అంటారు, ఇంకో ఊళ్ళో కూలి నుంచి వచ్చాక సాయంత్రం ఐదు అంటారు. వాళ్ళు చెప్పిందే ఖాయం చేయండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఆట ఆగుతుంది. దాన్ని ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ చిన్నబుచ్చుకోరు.

స్థలానికి స్కూలు గ్రౌండ్ మేలు. హెడ్మాస్టర్‌కి సంఘం తరఫున ఉత్తరం రాసి, సంతకం చేయించుకోండి. ఆ ఉత్తరంలో బాత్‌రూమ్ తాళంచెవి కూడా అడగండి. గ్రౌండ్ ఇచ్చి బాత్‌రూమ్‌కి తాళం వేస్తే రెండో వారానికి సగం మంది మానేస్తారు, కారణం మాత్రం ఎవరూ పైకి చెప్పరు. తెలంగాణలో 2022 నుంచి ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో కొన్నింటిలో బోర్డు, పిచ్చిమొక్కలే మిగిలాయి. మీ ఊరిది అలా ఉంటే, ఒక ఆదివారం అందరూ కలిసి శుభ్రం చేస్తే మీ జట్టు గురించి ఊరంతటికీ తెలుస్తుంది.

త్రోబాలే ఎందుకు?

కబడ్డీ మన ఆట. ఆసియా క్రీడల్లో మన ఆడవాళ్ళు 2010లో, 2014లో, మళ్ళీ 2023లో హాంగ్‌జౌలో స్వర్ణం తెచ్చారు. కానీ నలభై దాటి, స్కూలు వదిలాక ఒక్కసారీ పరుగెత్తని మనిషికి అది మొదటి ఆటగా పనికిరాదు. మోకాలు మెలిక పడిందంటే మళ్ళీ గ్రౌండ్ ముఖం చూడరు. వాలీబాల్లో సర్వీస్ చేతికి రావడానికే నెల పడుతుంది. త్రోబాల్లో బంతి పట్టుకోవాలి, మూడు సెకన్ల లోపు అవతలికి విసరాలి, అంతే. మధ్యలో వల ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ళు మీద పడరు.

కోర్టు పొడవు 60 అడుగులు, వెడల్పు 40 అడుగులు. తాడుతో కొలిచి ముగ్గుపిండితో గీయండి, ఆ పని మనవాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. వలకి రెండువైపులా మూడేసి అడుగులు వదిలేయాలి, ఆటలో ఉండగా అక్కడ అడుగు పెట్టకూడదు. జట్టుకి ఏడుగురు. వల ఎత్తు లెక్క ప్రకారం 2.2 మీటర్లు. మొదటి నెల ఆరడుగులకు దించుకోండి, ఏమీ కొంపలు మునగవు. వల కొనేలోపు రెండు గుంజలకు తాడు కట్టి పాత చీర వేలాడదీసినా ఆట సాగుతుంది.

ఒంటి సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందుకని ఆట మొదలయ్యే వారంలోనే ఆశా కార్యకర్తతో మాట్లాడి అందరికీ హిమోగ్లోబిన్, బీపీ, షుగర్ చూపించండి. గర్భిణి కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని చెప్పండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గర్భిణులు, కొత్త బాలింతలు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే కోర్టులోకి దిగాలి.

వారానికి మూడు రోజులు, రోజుకి 50 నిమిషాలు ఆడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. మొదటి పది నిమిషాలు గ్రౌండ్ చుట్టూ నడక, భుజాలు తిప్పడం. హవాయి చెప్పులతో ఆడనివ్వొద్దు. చీరే కట్టుకుంటానన్నవాళ్ళని ఆపొద్దు, కొంగు నడుముకి గట్టిగా దోపుకుంటే చాలు.

ఇంకో మాట, దీన్ని ఆడవాళ్ళ మధ్యే మాట్లాడుకోవాలి. దగ్గినా గెంతినా మూత్రం చుక్కలు పడటం కాన్పులైన వాళ్ళలో మామూలు. ఆ సిగ్గుతోనే చాలామంది "మోకాళ్ళ నొప్పులు" అని చెప్పి మానేస్తారు. మీరే ముందు ఎత్తండి ఆ మాట. మూత్రం ఆపుకుంటున్నట్టు కింది కండరాలు బిగించి, ఐదు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మూడు నెలలు చేసినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి. అప్పటిదాకా గెంతకుండా నిలబడి విసిరే చోటు ఇవ్వండి.

విజిల్ ఎవరి చేతిలో?

ఇక్కడ నేను తప్పు చేశాను. మొదట్లో ఒక పీఈటీ సారుని బతిమాలి తెచ్చుకున్నాం, విజిల్ ఆయన చేతిలోనే ఉండేది. మంచి మనిషి, బాగా నేర్పారు. నాలుగో వారం ఆయన రాని రోజున పదిమంది గ్రౌండ్‌లో నిలబడి "సారు రాలేదుగా, ఇవాళ ఆట లేనట్టేనా?" అన్నారు. కాబట్టి నేర్పేవాళ్ళు రెండు వారాలుంటే చాలు. ఆ తర్వాత విజిల్, స్కోరు, హాజరు, డబ్బుల పుస్తకం, దెబ్బలకు మందుల డబ్బా, ఈ అయిదు పనులూ ఆడేవాళ్ళవే. నెలనెలా చేతులు మారాలి. లేకపోతే సంఘం లీడరే ఇక్కడా లీడరవుతుంది.

విజిల్ పట్టిన మనిషిలో వచ్చే మార్పు చూడాల్సిందే. ఒక సాయంత్రం కొత్త కోడలి వంతు వచ్చింది. ఆట మధ్యలో వాళ్ళత్త వల దగ్గరి గీత తొక్కింది. అమ్మాయి విజిల్ ఊదింది గానీ మాట పెగల్లేదు. అందరూ అటే చూస్తున్నారు. "గీత తొక్కారు అత్తయ్యా. పాయింట్ వాళ్ళది." "నేనెక్కడ తొక్కానే?" అని అత్తగారు కాళ్ళకేసి చూసుకుంటే, అరికాలికి ముగ్గుపిండి! సణుక్కుంటూనే బంతి అవతలికి ఇచ్చేసింది. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో తెలీదు గానీ, తర్వాతి ఆటకి ఇద్దరూ వచ్చారు.

మనిషికి నెలకి ఇరవై రూపాయలు పెట్టుకోండి. బంతి, వల ఎప్పటికైనా చిరుగుతాయి. లెక్క నెలాఖరున గ్రౌండ్‌లోనే గట్టిగా చదివి వినిపించాలి. చదువు రానివాళ్ళ వంతు వస్తే రాయడానికి పక్కన ఒకరు కూర్చోవచ్చు, డబ్బు మాత్రం ఆవిడ చేతిలోనే ఉండాలి.

ఊళ్ళోకి రావడం

మూడు నెలల తర్వాత పక్కూరి ఆడవాళ్ళని పిలిచి మ్యాచ్ పెట్టండి. సంక్రాంతి కమిటీ దగ్గరికి డిసెంబర్‌లోనే వెళ్ళి ముగ్గుల పోటీతో పాటు త్రోబాల్ కూడా పెట్టమనండి. మైక్ పట్టుకుని స్కోరు చెప్పేది కూడా మీవాళ్ళే కావాలని అప్పుడే అడగండి, ఆఖరి నిమిషంలో అడిగితే ఇవ్వరు.

రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్ళవే. అయినా చాలాచోట్ల సర్పంచ్ కుర్చీలో ఆవిడ భర్త కూర్చుంటాడు. మీ జట్టు మొదటి అర్జీ గ్రౌండ్‌లో లైటు కోసం పెట్టండి. సాయంత్రం ఆరున్నరకి బంతి కనబడటం లేదని రాస్తే చాలు. ఆడేవాళ్ళందరూ సంతకాలు పెట్టి, గ్రామసభకి అందరూ కలిసి వెళ్ళి, సర్పంచమ్మ చేతికే ఇవ్వండి. పక్కనున్న భర్త చెయ్యి చాచినా సరే, ఆవిడకే. నకలు మీద పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ వేయించుకుని డబ్బుల పుస్తకంలో దాచుకోండి.