ఫొటో పాఠాలు – 4: దారి చూపే గీతలు

చెరువు కట్ట, పొలం గట్టు, వంతెన రెయిలింగు, గుడి మెట్ల అంచు. చూపును ఫొటో లోపలికి నడిపించేవన్నీ మనకు గీతలే. కొత్తవాళ్లు గీత కనబడగానే బటన్ నొక్కేస్తారు. ముందు చూపు ఎక్కడ ఆగాలో తేల్చుకోండి, అక్కడికి చేరే గీతను తర్వాత వెతకండి. చివర ఏమీ లేకుంటే చూపు ఉత్తచేతులతో వెనక్కి వస్తుంది.

ఈసారి సాధన ములుగు జిల్లా లక్నవరం చెరువులోని వేలాడే వంతెన మీద. రద్దీ లేని పొద్దున పోయి, నడక దారి సరిగ్గా మధ్యలో నిలబడండి. కెమెరా రెయిలింగు పైకమ్మీకి సమానమైన ఎత్తులో ఉంటే ఆ కమ్మీ అడ్డగీతలా చదునైపోతుంది, లోతు పోతుంది. సమతలంగా సాగే ఏ గీతైనా కెమెరా ఎత్తుకు వస్తే క్షితిజరేఖలో కలిసిపోతుంది. పదిలో ఎనిమిది వంతెన ఫొటోలు చప్పగా ఉండేది ఇందుకేనని మా నమ్మకం. జానెడైనా పైకో కిందికో జరపండి. మోకాలి ఎత్తుకు దించితే నేల గీతలు పక్కలకు విచ్చుకుంటాయి. కెమెరాను తలపైకి ఎత్తితే అవే గీతలు నిటారుగా లేచి కింది అంచు నుంచే మొదలవుతాయి.

వంతెన మీద నిలబెట్టే మనిషి ఎంత దూరంలో ఉండాలి? ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని 1ఎక్స్ (జూమ్ చేయని మామూలు) లెన్స్‌తో తీస్తే, 6 మీటర్ల దూరంలోని మనిషి ఫ్రేము ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటారు. 15 మీటర్లకు పోతే తొమ్మిదో వంతే. అవతలి ఒడ్డున నిలబెట్టి "కనబడట్లేదు" అనుకోవద్దు.

కెమెరా ఉన్నవాళ్లకు: క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్), 18 ఎంఎం లెన్స్, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం చిన్నగా ఉండే సెట్టింగు). ఒకటిన్నర మీటరు దూరంలో ఫోకస్ చేస్తే ముప్పావు మీటరు నుంచి అవతలి గుట్టల దాకా పదును వస్తుంది. వంతెన ఊగుతుంది, షట్టర్ వేగం సెకనులో 1/250 కన్నా తగ్గనివ్వద్దు, వెలుగు చాలకుంటే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) పెంచండి.

వంపు గీతల లెక్క వేరు. రామప్ప చెరువు కట్ట మీద కెమెరా దించితే వంపు సన్నని పట్టీలా నలిగిపోతుంది. చేతులు పైకెత్తి తీయండి. యాసంగి నాట్లప్పుడు మడుల్లో నీళ్లు ఆకాశంలా మెరుస్తాయి, గట్లు నల్లగా తేలతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుగు) ఒక స్టాపులో మూడింట రెండు వంతులు (-2/3) తగ్గించాలి, లేదంటే నీటి మెరుపు తెల్లగా కాలిపోతుంది.

కాజీపేట దగ్గర రైలు పట్టాలు ఊరిస్తాయి. దిగొద్దు. ప్రాణాపాయం, పైగా 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. అలాంటి జంటగీతలే వంతెన మీద ఉన్నాయి కదా.

ఇంటిపని: ఒకే చోట నిలబడి చీలమండ, నడుము, తలపైన, ఈ మూడు ఎత్తుల్లో మూడు ఫొటోలు. మూడింటినీ పక్కపక్కన పెట్టి, గీత ఫ్రేము అంచును ఎక్కడ తాకుతోందో గుర్తు పెట్టండి. సరిగ్గా మూలలో తాకితే రెండు వేళ్ల మందం పక్కకు జరిగి మళ్లీ తీయండి. వచ్చే పాఠంలో ఓరుగల్లు కోట తోరణాలను చట్రంగా వాడటం.