స్కిజోఫ్రీనియా ‘జన్యువు దొరికింది’ అనే వార్తని ఎలా చదవాలి

నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే మానసిక జబ్బు. అందుకని “జన్యువు కనిపెట్టారట, చూశావా అక్కా” అంటూ చుట్టాలు ప్రతి వార్తనీ నాకే పంపిస్తారు. వాటిని నేను ఎలా చదువుతానో చెబుతాను. మీ ఇంట్లోనూ ఎవరికైనా ఉంటే పనికొస్తుంది.

వార్త పక్కనపెట్టి అసలు పరిశోధన పేపర్ తెరవండి. మొదటి పేరాలో ఎంతమందిని చూశారో వెతకండి. వందల్లో ఉంటే ఆశలు పెట్టుకోవద్దు. డిప్రెషన్‌కి సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ జన్యువుతో (సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని తిరిగి కణాల్లోకి చేర్చే ప్రోటీన్‌ది) సంబంధం ఉందని 2003లో వచ్చిన మాట ఏళ్ల తరబడి చెలామణీ అయింది. 2019లో అలాంటి 18 జన్యువుల్ని చాలా పెద్ద డేటాతో మళ్లీ చూస్తే, చీటీలు తీసి ఎంచుకున్న జన్యువుల కన్నా అవేమీ మెరుగ్గా లేవని తేలింది. అదే 2022లో ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వచ్చిన స్కిజోఫ్రీనియా పరిశోధన చూడండి: 76,755 మంది రోగులు, 2,43,649 మంది జబ్బు లేనివాళ్లు. తేలింది ఒక జన్యువు కాదు, జీనోమ్‌లో, అంటే మన మొత్తం డీఎన్ఏలో, 287 చోట్లు.

ఇలాంటి పేపర్‌లో తప్పకుండా ఒక బొమ్మ ఉంటుంది. అడుగున క్రోమోజోములు వరుసగా, పైన వేల చుక్కలు, అడ్డంగా ఒక గీత. ఒక్కో చుక్క డీఎన్ఏలో ఒక తేడా. అది ఎంత ఎత్తులో ఉంటే జబ్బుతో సంబంధానికి ఆధారం అంత గట్టిది. గీత దాటిన చుక్కలే లెక్కలోకి వస్తాయి. ఆరో క్రోమోజోము దగ్గర చుక్కలు అన్నిటికన్నా ఎత్తుకి లేస్తాయి. అది రోగనిరోధక జన్యువులు గుంపుగా ఉండే చోటు. అక్కడి సీ4 జన్యువు కథని 2016లో అమెరికా జన్యు శాస్త్రవేత్త స్టీవెన్ మెక్‌కారొల్ బృందం విప్పింది. దాదాపు 65 వేల మంది డీఎన్ఏ, చనిపోయినవాళ్ల మెదళ్ల నుంచి తీసిన 700 నమూనాలు పరిశీలించారు. సీ4 ప్రోటీన్ మామూలుగా సూక్ష్మజీవులకి గుర్తు పెడుతుంది, రక్షక కణాలు వాటిని మింగేస్తాయి. మెదడులో నరకణాల మధ్య అతుకులకీ ఇలాగే గుర్తు పడుతుందని ఎలుకల్లో చూశారు. టీనేజీలో అనవసరమైన అతుకులు తగ్గడం అందరికీ జరిగేదే. సీ4 ఎక్కువై అది మితిమీరితే? జబ్బు ఎక్కువగా ఆ వయసులోనో, ఇరవైల్లోనో బయటపడటానికి ఇది ఒక కారణం కావచ్చు. మా వాడికి ఇంటర్ అయ్యాక మొదలైంది. ఆ పేపర్ చదివినప్పుడు, అమ్మ పెంపకం తప్పని ఊళ్లో అన్నవాళ్లందరికీ ఇది వినిపించాలనిపించింది.

అయినా ‘ముప్పు పెంచే’ అన్న మాట దగ్గర ఆగి, ఎంత పెంచుతుందో చూడండి. సీ4లో అన్నిటికన్నా చెడ్డ రకం కూడా ముప్పుని సుమారు 1.3 రెట్లే చేస్తుంది. అంటే వెయ్యిమందిలో పదిమందికి వచ్చే జబ్బు పన్నెండు పదముగ్గురికి వస్తుంది. ఆన్‌లైన్‌లో ఉమ్ముతో చేసే జన్యు పరీక్షకి వేలు పోసినా జబ్బు వస్తుందో రాదో తేల్చలేకపోవడానికి కారణం ఇదే. పైగా ఇప్పటివరకు వచ్చిన డేటాలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్లదే. మన కుటుంబాలతో బెంగళూరు నిమ్హాన్స్‌ (మానసిక, నరాల జబ్బుల ఆస్పత్రి)లో జరుగుతున్న పని మీద నాకు ఎక్కువ గురి. అక్కడ జబ్బున్నవాళ్ల రక్తకణాల నుంచి మూలకణాలు తయారుచేసి, వాటిని నరకణాలుగా పెంచి చూస్తున్నారు.

ఒక్క మినహాయింపు గట్టిగా గుర్తుపెట్టుకోండి. 22వ క్రోమోజోములో 22క్యూ11.2 అనే ముక్క లేకుండా పుట్టినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా రావచ్చు. మీవాళ్లకి పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, కాల్షియం తక్కువ కావడం లాంటివి ఉంటే డాక్టర్‌కి చెప్పి జన్యు పరీక్ష గురించి అడగండి. అది నిజంగా ఉపయోగపడే పరీక్ష.

ఏ వార్త చదివినా మాత్రలు మాత్రం ఆపొద్దు. ఇంకో జబ్బు సంగతి చూడండి: అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్‌కి లిథియం అనే మందు పనిచేస్తుందని ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లోనే చెప్పాడు. అది కణంలో సరిగ్గా ఎలా పనిచేస్తుందో ఇంకా వెతుకుతూనే ఉన్నారు, మందు మాత్రం అప్పటి నుంచీ మనుషుల్ని నిలబెడుతూనే ఉంది. లిథియం వాడేవాళ్లు రక్తంలో దాని స్థాయి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు డాక్టర్ చెప్పిన తేదీకే చేయించుకోండి.