చదువుకునేవాళ్ళు రోజూ వాకింగ్ ఎలా అలవాటు చేసుకోవాలి, ఎగ్జామ్స్ టైమ్‌లో కూడా

స్టూడెంట్స్‌కి వాకింగ్ గురించి చెప్తే మొదట వచ్చే మాట "టైమ్ ఎక్కడుంది" అని. నిజమే, అందుకే నేను వేరేగా ఓ గంట తీయమని చెప్పట్లేదు, చదివే టైమ్‌లోనే నడకని కలిపేయమంటున్నా. గంటన్నర కదలకుండా కూర్చున్నాక చదివిన లైనే మళ్ళీ మళ్ళీ చదువుతుంటాం కదా, బుర్రకి ఏమీ ఎక్కదు, అప్పుడు బ్రేక్ అని ఫోన్ పట్టుకుంటే అరగంట ఎటు పోయిందో తెలీదు, కళ్ళకీ మెడకీ రెస్ట్ కూడా ఉండదు. ఆ బ్రేక్‌ని నడకకి ఇచ్చేయండి చాలు.

మొదటి వారం పది నిమిషాలే నడవండి. ఎక్కువొద్దు, మొదటిరోజే గంట నడిచి కాళ్ళు నొప్పులని మూడోరోజు మానేసేవాళ్ళే ఎక్కువ. ఆరింటికి, ఏడింటికి అని టైమ్ పెట్టుకోవడం కన్నా ఎలాగూ రోజూ చేసే పనికి తగిలించండి, మధ్యాహ్నం తిన్న వెంటనే అనో, ఆఖరి క్లాస్ అవ్వగానే అనో. తిన్నాక నడిస్తే రక్తంలో షుగర్ ఒక్కసారిగా పెరగదు కాబట్టి నన్నడిగితే అదే బెస్ట్ టైమ్. రాత్రి నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళు మాత్రం పొద్దున్నే బయట వెలుతురులో నడవండి, ఆ వెలుతురుతోనే మన బాడీ క్లాక్ సెట్ అవుతుంది.

స్పీడ్ ఎంత అంటే, పక్కనున్నవాళ్ళతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఉండాలి. రోజుకి పదివేల అడుగులు పూర్తవ్వలేదని బాధపడకండి, ఆ నంబర్ 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) పేరు నుంచి వచ్చింది, డాక్టర్లు లెక్కకట్టి చెప్పింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు, 18 ఏళ్ళ లోపు వాళ్ళకైతే ఆటలూ అవీ కలిపి రోజుకి సగటున 60 నిమిషాలు.

ఇప్పుడు చదువుకి అసలు పనికొచ్చే విషయం. చాప్టర్ అయిపోగానే పుస్తకం మూసేసి, చేతిలో నోట్స్ కూడా లేకుండా బయటికి నడవండి, నడుస్తూ ఆ చాప్టర్ మొత్తం మీకు మీరే చెప్పుకోండి, హెడింగ్స్ ఏంటి, దేని తర్వాత ఏది వచ్చింది, ఫార్ములా ఎలా వచ్చింది అని. ఎక్కడ ఆగిపోయారో అదే మీకు రాని పాయింట్, తిరిగొచ్చాక ముందు ఆ పేజీ తెరవండి. మళ్ళీ మళ్ళీ చదవడం కన్నా ఇలా గుర్తు తెచ్చుకోవడం వల్లే విషయం ఎక్కువకాలం నిలబడుతుంది, దయచేసి ఇదొక్కటైనా ట్రై చేయండి.

ఇంకోటి, 2014లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్ళ స్టడీ ఒకటి వచ్చింది, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు జనాలకి కొత్త ఐడియాలు ఎక్కువొచ్చాయి, ఖాళీ గోడ ముందు ట్రెడ్‌మిల్ మీద నడిచినా సరే. కానీ ఒకే కరెక్ట్ ఆన్సర్ ఉండే ప్రశ్నల్లో మాత్రం నడక హెల్ప్ అవ్వలేదు. కాబట్టి ఎస్సే, ప్రాజెక్ట్ టాపిక్ లాంటివి నడుస్తూ ఆలోచించండి, లెక్కలు మాత్రం కూర్చునే చేయండి.

టెన్షన్‌గా ఉన్నప్పుడు కూడా నడక మనసుని చాలా తేలిక చేస్తుంది, అది నేను గట్టిగా నమ్ముతా. కానీ రెండు వారాలు దాటినా దిగులు పోకుండా, నిద్రా తిండీ దెబ్బతింటుంటే నడకతో సరిపెట్టుకోకండి, డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడండి ప్లీజ్.

వర్షమైతే కారిడార్, మెట్లు ఉన్నాయి. రోడ్డు మీదైతే ఇయర్‌ఫోన్స్ తీసేయండి. ఒకరోజు మిస్సయితే మర్నాడు డబుల్ చేయక్కర్లేదు, మామూలుగా నడిస్తే చాలు.

ఎగ్జామ్ రోజు పొద్దున కూడా పది నిమిషాలు నడవండి, కానీ అప్పుడు ఏ చాప్టరూ గుర్తు తెచ్చుకోవద్దు, ఊరికే నడిచి రండి.