డ్రమ్ సాండర్ ఎంచుకోవడం, వాడటం ఎలా?

చిత్రిక పడితే పెచ్చులు లేచే చిక్కు నార చెక్కను, ముక్కలు అతికించి చేసిన పలకను, బాగా పల్చటి చెక్కను ఒకే మందానికి తేవాలంటే డ్రమ్ సాండర్‌ను మించింది లేదు. సాండ్‌పేపర్ చుట్టిన డ్రమ్ము పైన తిరుగుతుంటే, కింద బెల్టు చెక్కను నెమ్మదిగా లోపలికి లాక్కెళ్తుంది. అయితే ఇది ప్లేనర్ (చిత్రిక పట్టే మిషన్) చేసే పని చేయదు. ఒక్కో విడతకు వెంట్రుకవాసి మందమే తీయాలి. తొందరపడితే వేడెక్కి చెక్క మాడుతుంది.

ఎంచుకునేటప్పుడు

ఒక పక్క తెరిచి ఉండే మిషన్‌లో 16 అంగుళాల డ్రమ్ముతో, పలకను తిప్పి రెండోసారి పంపి, 32 అంగుళాల వెడల్పు దాకా సాండింగ్ చేయొచ్చు. సెట్టింగ్ కాస్త తప్పినా పలక మధ్యలో గీత పడుతుంది. రెండు పక్కలా ఆధారం ఉన్న మిషన్ గట్టిగా నిలబడుతుంది కానీ, డ్రమ్ము కంటే వెడల్పైన పలక అందులో పట్టదు. అప్పుడప్పుడూ మాత్రమే పెద్ద పలకలు చేసేవారికి మొదటి రకమే మేలని నా అభిప్రాయం. బెల్టు వేగం మార్చుకునే వీలు తప్పక ఉండాలి. పొడిని లాగే డస్ట్ కలెక్టర్ లేకుండా మాత్రం ఈ మిషన్ కొనకండి. పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, పేపర్‌నూ పూడ్చేస్తుంది.

వాడే పద్ధతి

1. ప్లగ్ తీసి పేపర్ చుట్టండి. ఒక చివర క్లిప్పులో బిగించి, డ్రమ్ము చుట్టూ ఏటవాలుగా బిగువుగా చుడుతూ రెండో చివర స్ప్రింగ్ క్లిప్పులో పెట్టాలి. అంచు మీద అంచు ఎక్కకూడదు. ఎక్కినచోట చెక్క మీద నల్లటి గీత పడుతుంది. కొంతసేపు పని చేశాక పేపర్ వదులవుతుంది, మళ్లీ చూసుకోండి. జిగురు మచ్చలు, ప్లేనర్ గుర్తులు పోవడానికి 80 గ్రిట్ (పేపర్ గరుకును చెప్పే అంకె, పెరిగే కొద్దీ పేపర్ సన్నబడుతుంది), తర్వాత 120, చివరికి 150 చాలు. మరీ సన్నటి పేపర్ త్వరగా మాడుస్తుంది.

2. ఒకే మందం ఉన్న రెండు సన్నటి ముక్కలను డ్రమ్ము రెండు చివర్ల కింద ఒకేసారి పంపి, కాలిపర్‌తో కొలవండి. తేడా ఉంటే డ్రమ్మును బల్లకు సమాంతరంగా సర్దండి.

3. పలక అడుగు చదునుగా ఉండాలి. మెలి తిరిగిన చెక్కను ఇది సరిచేయదు. ఎండిన జిగురును గీకేయండి, మేకులున్నాయేమో చూడండి.

4. పలకంతా పెన్సిల్‌తో గీతలు గీయండి. మిషన్ ఆపి ఉండగానే, పలకలో అన్నిటికన్నా మందమైన చోట పేపర్ తగిలీ తగలనట్టు ఉండేలా డ్రమ్మును దించండి. 80 గ్రిట్‌తో విడతకు 0.3 మిల్లీమీటర్లు, 120తో 0.1 నుంచి 0.2 వరకు తీయొచ్చు. గీతలన్నీ పోయినప్పుడే పలక చదునైనట్టు.

5. పలకను కాస్త వాలుగా పంపితే పేపర్ అంతటా సమానంగా అరుగుతుంది. మోటార్ శబ్దం బరువెక్కితే ఎక్కువ తీస్తున్నట్టే, తర్వాతి విడత తగ్గించండి. మధ్యలో బెల్టు ఆపొద్దు, ఆపినచోట గుంట పడుతుంది. పొడుగు పలకకు రెండు వైపులా ఆధారం ఇవ్వండి, లేకపోతే చివర్లు లోతుగా తెగుతాయి. నొక్కే రోలర్ల మధ్య దూరం కన్నా పొట్టి ముక్కలు పంపకండి. పలకకు సూటిగా వెనక నిలబడకండి, అది ఎదురు తన్నితే దెబ్బ తగులుతుంది.

6. జిగట ఉన్న చెక్కలతో పేపర్ పూడుకుపోతే, రబ్బరు క్లీనింగ్ స్టిక్‌తో శుభ్రం చేయండి. డస్ట్ కలెక్టర్ నడుస్తూనే ఉండాలి.

చివరికి నార వెంట సన్నటి నిలువు గీతలు మిగులుతాయి. పాలిష్ వేసే ముందు వాటిని చేతి సాండర్‌తో 120 లేదా 150 నుంచి మొదలుపెట్టి 180 దాకా తీసేయండి.